చాట్‌బాట్ పేజీ తెరుచుకోకపోతే

ఏఐ చాట్‌బాట్ తెరవబోతే "మీరు మనిషేనా" అన్న గడి వస్తుంది, టిక్కు పెట్టినా మళ్లీ అదే గడి. నిన్న నాలుగుసార్లు మనిషినని ఒప్పుకున్నాను. చివరికి క్రోమ్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎన్ కలిపి నొక్కి ఇన్‌కాగ్నిటో విండోలో తెరిస్తే వెంటనే వచ్చింది. ఆ విండోలో పాత కుకీలు (సైట్లు మన బ్రౌజర్‌లో దాచుకునే చిన్న ఫైళ్లు) ఉండవు, ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజర్‌కు మనం తగిలించుకునే అదనపు పనిముట్లు) మామూలుగా ఆగి ఉంటాయి. అంటే చిక్కు నెట్‌లో లేదు, పాత కుకీల్లోనో ఎక్స్‌టెన్షన్లలోనో ఉంది. మామూలు విండోలో అడ్రస్ బార్‌లో సైటు పేరుకు ఎడమ పక్కనున్న గుర్తు నొక్కి, ఆ ఒక్క సైటు కుకీలు, డేటా తొలగించి పేజీ మళ్లీ తెరవండి. హిస్టరీ మొత్తం తుడవనక్కర్లేదు. అప్పటికీ రాకపోతే ప్రకటనలు ఆపే ఎక్స్‌టెన్షన్‌ను ఆపి చూడండి.

పాస్‌వర్డ్ ముందే గుర్తుచేసుకోండి, కుకీలు తొలగిస్తే ఖాతా లాగవుట్ అవుతుంది. ఇన్‌కాగ్నిటోలోనూ తెరుచుకోకపోతే మాత్రం ఇది పనిచేయదు. వీపీఎన్ ఉంటే ఆపి చూడండి, లేదంటే చాట్‌బాట్ వాళ్ల సర్వర్ కోలుకునేదాకా ఆగడమే.