సగం చూపుతో – 4వ పాఠం: ముందు కన్ను, తర్వాత మెడ

ఇంతకుముందు చెప్పిన, గోడమీద బిళ్లలు వెతికే అభ్యాసం చేసినవాళ్లలో చాలామందికి మెడ పట్టేసింది. చూపు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. అందుకని రోడ్డు దాటడం ఈసారి కొంచెమే, మెడ సంగతే ఎక్కువ.

స్ట్రోక్ తర్వాత రెండు కళ్లలోనూ ఎడమ సగం పోయినవాళ్లకు ఈ పాఠం. కుడి సగం పోయినవాళ్లకు చదివే పద్ధతి వేరు, అది తర్వాత.

మనవడి ముఖం మీద చూపు నిలిపి తలను ఎడమకు తిప్పండి. కళ్లు వాటంతటవే కుడికి జరిగి ముఖాన్నే పట్టుకుంటాయి. తల ఎంత తిరిగినా, ఆ ముఖానికి మీ ఎడమవైపునున్న తలుపు అప్పుడూ కనిపించదు. పోయిన సగం చూపును అంటిపెట్టుకుని ఉంటుంది, చూపు కదిలితేనే అదీ కదులుతుంది. "తల తిప్పుతూనే ఉన్నాం కదా" అనేవాళ్లు చేస్తున్నది ఇదే. ఇంట్లోవాళ్లు కూడా "తల తిప్పు, తల తిప్పు" అని అరవడం మానేసి "ఎడమకి చూడు" అనాలి.

గోడకు 1 మీటరు దూరంలో కూర్చుని, మోచేతులు బల్లమీద, గడ్డం పిడికిళ్లమీద ఆనించండి. ఎదురుగా కంటి ఎత్తున ఒక బొట్టుబిళ్ల, దానికి 60 సెంటీమీటర్లు ఎడమగా ఇంకొకటి. తల కదలకుండా, చూపు మధ్య బిళ్ల నుంచి ఒక్క గెంతులో ఎడమ బిళ్లను దాటిపోవాలి. దాటితే అది కుడిపక్కకు, అంటే కనిపించే సగంలోకి వస్తుంది. చిన్న చిన్న గెంతులైతే ఆగిన ప్రతిచోటా ఎడమపక్క ఖాళీయే, సగంలోనే విసుగొస్తుంది. రెండు పూటలా 10 నిమిషాలు. కళ్లు తిరిగితే ఆపండి. ఉన్న చూపు హఠాత్తుగా తగ్గినా, మాట తడబడినా వెంటనే 108.

ఇక చదవడం. బస్సు బోర్డుమీద చూపు పదం మధ్యలో ఆనితే బరంపురమూ 'పురమే', గుణుపురమూ 'పురమే'. పర్లాకిమిడి బస్టాండులో ఒడియా బోర్డు చదివినా అంతే: బ్రహ్మపుర, గుణుపుర. ముందు బోర్డు ఎడమ అంచు పట్టుకుని, అక్కణ్ణుంచి కుడికి రండి. పుస్తకానికైతే ఎడమ అంచున ఎర్ర ఇన్సులేషన్ టేపు అంటించండి. స్కేలు జారిపోతుంది, నాకు టేపే నచ్చుతుంది. ఎరుపు కనిపించాకే పంక్తి మొదలుపెట్టాలి.

రోడ్డు అంచున మొదట బళ్లు కుడినుంచి వస్తాయి, కనిపిస్తాయి. ఆ ధీమాతో నడిమధ్యకు వెళ్లాక ఎడమనుంచి వచ్చేవి గుద్దుతాయి. తోడొచ్చేవాళ్లు మీకు ఎడమపక్కనే నడవాలి. బండి నడపడం ఊసే వద్దు.

అభ్యాసం: బస్టాండు బెంచీమీద కూర్చుని 20 బోర్డులు చదవండి, తోడుమనిషి సరిచూడాలి. రెండు తప్పినా మళ్లీ ఒకటో బోర్డు నుంచే.