ఇంట్లోకి తుపాకీ తెచ్చే ముందు: అమెరికాలోని తెలుగువారికి జాగ్రత్తలు

దసరాకి లాకర్లోంచి బయటికొచ్చిన నగలు సంక్రాంతి దాకా ఇంట్లోనే ఉండిపోతాయి. మధ్యలో దీపావళి పార్టీలు, నవంబరు మొదటి ఆదివారం గడియారం గంట వెనక్కి తిప్పాక సాయంత్రానికే చిమ్మచీకటి, డిసెంబరులో ఇండియా ప్రయాణాలు. మనవాళ్ళ ఇళ్ళల్లో బంగారం ఉంటుందన్న సంగతి దొంగలకు కొత్త కాదు. జార్జియా, న్యూయార్క్, ఒహాయో, మిషిగన్, టెక్సస్‌లలో భారతీయ, ఆసియా కుటుంబాల ఇళ్ళనే ఏరి దోపిడీలు చేయించిన హ్యూస్టన్ మహిళకు 2019లో 37 ఏళ్ళ జైలుశిక్ష పడింది. ఈ రోజులు వచ్చాయంటే వాట్సాప్ గ్రూపుల్లో "ఇంటికి ఏ గన్ మంచిది?" అని ఎవరో ఒకరు అడుగుతారు. వచ్చే జవాబులన్నీ బ్రాండ్ల పేర్లే. చూడాల్సిన వరుస వేరు: ముందు మీ వీసా, తర్వాత మీ ఇంటి గోడలు, ఆ ఇంట్లో ఎవరెవరుంటారు అన్నది. బ్రాండు ఆఖర్న.

వీసా సంగతి తేలకుండా దుకాణం గడప తొక్కొద్దు

హెచ్-1బీ, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1, బీ-2 లాంటి నాన్-ఇమ్మిగ్రెంట్ వీసాల మీద వచ్చినవారి దగ్గర తుపాకీ గానీ తూటా గానీ ఉండటం ఫెడరల్ నేరం. కొనడం ఒక్కటే కాదు, దగ్గర ఉండటమే నేరం. 2022 నుంచి దీనికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్ళు. చట్టంలో ఉన్న ముఖ్యమైన మినహాయింపు హంటింగ్ లైసెన్స్. "ఆన్‌లైన్లో లైసెన్స్ తీసుకుంటే చాలట" అన్న మాట అక్కణ్ణుంచే పుట్టింది. మాట అబద్ధం కాదు గానీ, ఆ లైసెన్స్‌కి గడువుంటుంది. గడువు దాటిన మర్నాడు బీరువాలో ఉన్న అదే తుపాకీ మీ మీద కేసవుతుంది. రెన్యువల్ మరచిపోయే అలవాటున్నవాళ్ళు ఈ దారి పట్టొద్దు. లాస్ వేగస్ వెళ్ళినప్పుడు రేంజ్‌లో గన్ అద్దెకు తీసుకుని నాలుగు రౌండ్లు కాల్చడానికీ ఇదే నిబంధన వర్తిస్తుంది. ఇండియా నుంచి వచ్చిన నాన్నగారిని సరదాగా రేంజ్‌కి తీసుకెళ్ళి చేతికివ్వడం సరదా కాదు.

గ్రీన్‌కార్డు ఉన్నవారు కొనొచ్చు. లైసెన్స్ ఉన్న డీలరు దగ్గర ఫారం 4473 నింపాలి, కార్డు మీది యూఎస్‌సీఐఎస్ నంబరు, ప్రస్తుత అడ్రసున్న రాష్ట్ర ఐడీ కావాలి. ఆ ఫారంలో రెండు ప్రశ్నల దగ్గర మనవాళ్ళు కాలు జారుతుంటారు. ఒకటి, అసలు కొనుగోలుదారు మీరేనా అన్నది. హెచ్-1బీ స్నేహితుడు డబ్బిస్తే అతని కోసం మీరు కొనిపెట్టడం సాయం కాదు, దానికీ 15 ఏళ్ళ దాకా శిక్ష ఉంది. రెండోది గంజాయి వాడతారా అన్నది. మీ రాష్ట్రంలో అది చట్టబద్ధమే కావచ్చు, ఫారం అడిగేది ఫెడరల్ చట్టం ప్రకారం. తుపాకీ చట్టాల కింద శిక్ష పడితే గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళను కూడా దేశం నుంచి పంపించేయవచ్చన్నది మరచిపోకండి.

భార్య సిటిజన్, భర్త ఇంకా హెచ్-1బీ. ఇలాంటి ఇళ్ళు చాలానే ఉన్నాయి. తుపాకీ ఆవిడదే అయినా, దాన్ని అందుకునే వీలు ఆయనకూ ఉంటే అది ఆయన దగ్గర ఉన్నట్టేనని ప్రాసిక్యూటరు వాదించవచ్చు. సేఫ్ కోడు ఆయనకు తెలియకూడదు, తాళంచెవి ఇంటి గుత్తిలో ఉండకూడదు. కొనేముందే ఇమ్మిగ్రేషన్ లాయరుతో ఒక మాట మాట్లాడటం మేలు.

రాష్ట్రాన్ని బట్టి పద్ధతి మారుతుంది. న్యూజెర్సీలో ముందు కొనుగోలుదారు ఐడీ కార్డు, పిస్టల్ అయితే ఒక్కోదానికి విడిగా పర్మిట్. ఇలినాయ్‌లో ఫోయిడ్ కార్డు (తుపాకీ యజమాని గుర్తింపు కార్డు). కాలిఫోర్నియాలో భద్రతా పరీక్ష, ఆ తర్వాత 10 రోజుల నిరీక్షణ. టెక్సస్‌లో ఇవేవీ లేవు. దీపావళికి చేతిలో ఉండాలని అక్టోబరులో బయల్దేరితే న్యూజెర్సీలో కుదరకపోవచ్చు.

గోడ ఆపదు

మనూళ్ళో ఇటుక గోడలకు అలవాటుపడ్డ కళ్ళకు అమెరికా ఇంటి గోడ కూడా గోడలాగే కనిపిస్తుంది. అది చెక్క ఫ్రేముకి అటూ ఇటూ కొట్టిన అరంగుళం డ్రైవాల్, మధ్యలో మూడున్నర అంగుళాల ఖాళీ. పిస్టల్ తూటా, షాట్‌గన్‌లోంచి వచ్చే బక్‌షాట్ గుళ్ళు, రైఫిల్ తూటా అన్నీ దాన్ని దాటేస్తాయి. హాలో-పాయింట్ తూటా, అంటే మొన దగ్గర గుంట ఉండేది, మెత్తని వస్తువులో విచ్చుకుని వేగం తగ్గుతుంది గానీ, డ్రైవాల్‌లో దూరినప్పుడు దాని నోరు జిప్సమ్ పొడితో పూడుకుపోయి మామూలు తూటాలాగే సాగిపోతుంది. గోడ దాటని తూటా ఉందని ఎవరైనా చెబితే, అది మనిషినీ ఆపలేనంత బలహీనమైనదని అర్థం.

అందుకని కొనేముందు ఒక కాగితం మీద ఇంటి ప్లాన్ గీయండి. మీ పడగ్గది తలుపు దగ్గర నిలబడి, మెట్ల వైపుకి, హాలు వైపుకి గీతలు లాగండి. ఆ గీత చివర పిల్లల మంచం ఉందా? కింద గదిలో అత్తగారు పడుకుంటారా? టౌన్‌హౌస్ అయితే పక్కింటివాళ్ళ గోడా? ఏ వైపు కాల్చకూడదో ఈ కాగితమే చెబుతుంది. కొన్ని ఇళ్ళల్లో ఏ వైపూ మిగలదు. అలాంటి ఇంటికి తుపాకీ కన్నా తలుపు బాగు చేయించుకోవడమే దారి. డెడ్‌బోల్ట్ దూరే ఇనప ప్లేటుకి ముప్పావంగుళం స్క్రూలుంటే ఒక్క తన్నుకే చట్రం చీలుతుంది. వాటి స్థానంలో లోపలి స్టడ్ (గోడలోని నిలువు చెక్క) దాకా దిగే 3 అంగుళాల స్క్రూలు బిగిస్తే తలుపు ఎంత తేడాగా నిలబడుతుందో, ఖర్చు మాత్రం కాఫీ డబ్బులు.

ఏది ఎవరికి

పంప్ షాట్‌గన్, అంటే మాస్‌బర్గ్ 500, రెమింగ్టన్ 870 లాంటివి, చవకైనది, మొరాయించనిది. కానీ గజానికి పైగా పొడవు, సుమారు 7 పౌండ్ల బరువు, 12 గేజ్ (గేజ్ అంటే గొట్టం కొలత, అంకె పెరిగితే గొట్టం సన్నం) అయితే భుజాన్ని గట్టిగా తంతుంది. సన్నగా ఉన్నవాళ్ళకు 20 గేజ్ నయం. కంగారులో పంపు (గొట్టం కింద ముందుకీ వెనక్కీ జారే పిడి) పూర్తిగా వెనక్కి లాగకుండానే ముందుకు తోస్తే కాలిన తూటా తొడుగు బయటపడదు, కొత్తది ఎక్కదు. కొత్తవాళ్ళు చేసే మొదటి తప్పు ఇదే. "గురి అక్కర్లేదు, చల్లినట్టు పడుతుంది" అనేది ఉత్త మాట. గదిలో దూరం 5, 6 గజాలు, ఆ దూరంలో గుళ్ళు అరచేయంత మేరకే విచ్చుకుంటాయి. పంపు చప్పుడు వింటేనే దొంగ పారిపోతాడన్నది కూడా నమ్ముకోవాల్సిన సంగతి కాదు. మీరెక్కడున్నారో వాడికి ఆ చప్పుడే చెబుతుంది.

9 ఎంఎం పిస్టల్ ఒంటి చేత్తో పట్టుకోవచ్చు. రెండో చేత్తో ఫోనో, పిల్లో, తలుపో ఉంటుంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు. చిన్న సేఫ్‌లో పడుతుంది. అయితే దీనితో గురి కుదరడం అన్నిటికన్నా కష్టం. జేబులో పట్టే బుల్లి మోడళ్ళు ఇంటికి వద్దు, వాటి కుదుపు ఎక్కువ. గ్లాక్ 19 పరిమాణంలోది చూడండి. మామూలుగా 15 రౌండ్లు, న్యూజెర్సీ, కాలిఫోర్నియాల్లో 10కి మించి పట్టే మ్యాగజైన్ (తూటాలు నింపే పెట్టె) ఉండకూడదు. దుకాణంలోనే, ఇంట్లో దాన్ని వాడబోయే ఇద్దరూ స్లైడు (పిస్టల్ మీద వెనక్కి జరిగే భాగం) లాగి చూడాలి. లాగలేకపోతే స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ఈజీ లాంటి వదులు స్ప్రింగు మోడల్ అడగండి. మణికట్టు వదులుగా పట్టుకుంటే స్లైడు పూర్తిగా వెనక్కి పోక, కాలిన తూటా తొడుగు మధ్యలో నిలువుగా ఇరుక్కుంటుంది. తుపాకీ చెడిపోయిందనుకుంటారు, చెడింది పట్టు. రివాల్వర్‌కి ఈ బాధ లేదు, కానీ ట్రిగ్గరు బరువు, చిన్నవాటిలో రౌండ్లు ఐదే.

ఏఆర్-15 రైఫిల్‌తో గురి సులువు, తన్ను తక్కువ. న్యూజెర్సీ, కాలిఫోర్నియా, ఇలినాయ్‌ల్లో నిషేధాలూ షరతులూ ఉన్నాయి. మూసిన గదిలో దాని మోత చెవులకు శాశ్వత నష్టం చేస్తుంది. ఆ మాటకొస్తే పిస్టలూ చేస్తుంది, సేఫ్ పక్కన ఎలక్ట్రానిక్ ఇయర్‌మఫ్‌లు ఉంచండి.

ఏది కొన్నా, ఇంట్లో ఉంచబోయే తూటాల్లోంచే కనీసం 100 దాకా రేంజ్‌లో కాల్చి చూడాలి. సాధన తూటాలు సాఫీగా ఎక్కి, హాలో-పాయింట్ల దగ్గర ఇరుక్కునే పిస్టళ్ళున్నాయి.

సేఫ్

సేఫ్ కొనలేకపోతే తుపాకీ కొనకండి. బీరువా పై అరలో చీరల కింద దాచడం దాపరికమే గానీ భద్రత కాదు. పిల్లలకు తెలియని అర ఇంట్లో ఉండదు. దొంగ కూడా మొదట వెతికేది అక్కడే. చిన్న సేఫ్‌ని లోపలి నుంచి స్టడ్‌కి బోల్టులతో బిగించాలి, లేదంటే సేఫ్‌తో సహా ఎత్తుకుపోతారు. వేలిముద్ర సేఫ్ కొంటే ఒక పరీక్ష తప్పనిసరి: మీ వేలు నమోదు చేశాక, నమోదు కానివాళ్ళ వేళ్ళు ఒక్కొక్కటీ పెట్టి చూడండి. 2023 అక్టోబరులో అమెరికాలో సుమారు 61,000 వేలిముద్ర సేఫ్‌లను వెనక్కి పిలిపించారు. ఎవరి వేలు పెట్టినా తెరుచుకుంటున్నాయి, 12 ఏళ్ళ బాబు ప్రాణం పోయింది. బ్యాటరీలు గడియారం మార్చే రెండు ఆదివారాల్లో మార్చేయండి.

ఇంట్లో ఎవరైనా మనసు బాగోలేక, ఉద్యోగం పోయి, నిద్రలేక ఉంటే ఆ రోజుల్లో తుపాకీ ఇంట్లోకి రాకూడదు. ఉంటే బయటికి పంపాలి. ఈ దేశంలో తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్ 988కి ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు.

ఆ రాత్రి

చప్పుడైందని ఇల్లంతా గాలించడానికి దిగొద్దు. పిల్లల్నీ పెద్దల్నీ ముందే అనుకున్న ఒక గదిలోకి చేర్చి, తలుపు వేసి, 911కి ఫోన్ చేసి, లైను వదలకుండా అక్కడే ఉండాలి. ఇంగ్లీషు రాని అత్తమ్మకి అడ్రసు, "తెలుగు" అన్న మాట చెప్పడం నేర్పి ఉంచండి.

టార్చిలైటు చేతిలో వేరేగా ఉండాలి. తుపాకీకి బిగించిన లైటుతో వెతికితే, ఎవరి మీద వెలుగు వేస్తారో వాళ్ళ మీదే తుపాకీ కూడా గురిపెట్టినట్టు. ఇండియా నుంచి దిగిన మొదటి వారం పెద్దవాళ్ళు జెట్‌లాగ్‌తో రాత్రి రెండింటికి లేచి వంటింట్లో పాలు కాచుకుంటారు. ఆ గిన్నె చప్పుడు మీ పడగ్గదికి దొంగ చప్పుడులాగే వినిపిస్తుంది. పేరు పెట్టి గట్టిగా పిలవండి, ముఖం కనిపించనిదే వేలు ట్రిగ్గరు మీదకు వెళ్ళకూడదు. పోలీసులు వచ్చేసరికి తుపాకీ కింద పెట్టి, చేతులు ఖాళీగా చూపించాలి. ఆ చీకట్లో ఇంటివారెవరో దొంగెవరో వాళ్ళకు తెలియదు.

శుభ్రం చేసేటప్పుడు

2024 నవంబరులో అట్లాంటాలో తెలంగాణ విద్యార్థి ఒకరు పుట్టినరోజు నాడు, కొత్తగా కొన్న తుపాకీ శుభ్రం చేస్తుండగా పేలి చనిపోయాడు. పిస్టల్ ఖాళీ చేయడంలో వరుస ముఖ్యం: ముందు మ్యాగజైన్ తీసేయాలి, ఆ తర్వాతే స్లైడు లాగాలి. వరుస తిరగబడితే లోపలి రౌండు బయటపడి, మ్యాగజైన్లోంచి ఇంకోటి ఛాంబర్లోకి (తూటా పేలే చోటికి) ఎక్కి కూర్చుంటుంది. మీరేమో ఖాళీ అనుకుంటారు. గ్లాక్ విప్పాలంటే ట్రిగ్గరు నొక్కక తప్పదు, ప్రమాదం సరిగ్గా అక్కడే. స్లైడు తెరిచి పట్టి, చిటికెన వేలు ఛాంబర్లో పెట్టి తడిమి చూడండి. తూటాలన్నీ వేరే గదిలో ఉండాలి.

ఇండియా వెళ్ళేముందు

రేంజ్‌కి వాడిన బ్యాగు విమానానికి వాడొద్దు. పక్క జేబు అడుగున ఒక్క 9 ఎంఎం రౌండు మిగిలిపోయినా, ఇండియా విమానాశ్రయంలో స్కానరుకి దొరికితే 1959 ఆయుధాల చట్టం కింద కేసు పెట్టొచ్చు, తిరుగు ప్రయాణం ఆగిపోతుంది. పిల్లల స్కూలు బ్యాగులతో సహా అన్నీ బోర్లించి, అస్తరు కూడా తడిమి, అప్పుడు సర్దుకోండి.