గోడ అవతలి వస్తువు రాడార్‌లో సరిగా కనబడకపోతే

ఇక్కడి లెక్కలు 1–3 గిగాహెర్ట్జ్ స్టెప్డ్ ఫ్రీక్వెన్సీ రాడార్‌కి (ఫ్రీక్వెన్సీని మెట్లు మెట్లుగా పెంచుతూ కొలిచేది), విజయవాడ ఇళ్లలో మామూలుగా కట్టే తొమ్మిదంగుళాల (23 సెం.మీ.) ఇటుక గోడకి. బొమ్మ చెడితే ముందు గోడను అనుమానించండి, పరికరాన్ని తర్వాత.

సమస్య: మొదట్లో మందపాటి గీత, దాని వెనక ఖాళీ
కారణం: గోడ నుంచి తిరిగొచ్చే సిగ్నల్ వస్తువు సిగ్నల్‌ని మింగేస్తుంది.
పరిష్కారం: యాంటెన్నాను గోడ వెంట జరుపుతూ తీసిన అన్ని స్థానాల కొలతల సగటు కట్టి, ప్రతి కొలతలోంచి తీసేయండి. గోడ పోయి వస్తువు మిగులుతుంది. అయితే గోడకు సమాంతరంగా నిలబెట్టిన ఇనుప బీరువా కూడా గోడతోపాటే పోవచ్చు. అనుమానం ఉంటే సగటు తీయకముందు బొమ్మ కూడా చూడండి.

గీత ఇంకా మిగిలిందంటే యాంటెన్నా గోడకు సమాన దూరంలో జరగడం లేదు. 3 గిగాహెర్ట్జ్ దగ్గర 5 మి.మీ. తేడాకే తిరిగొచ్చే తరంగం ఫేజ్ (తరంగం తన ఊపులో ఎక్కడుందో చెప్పే కోణం) 36 డిగ్రీలు మారుతుంది. చెక్క పట్టా వేసి, రెండు చివర్లా గోడకున్న దూరం టేపుతో సరిచూసి, 2 సెం.మీ. చొప్పున జరపండి. ఒక్కోసారి జరిపే దూరం 2.5 సెం.మీ. దాటితే బొమ్మలో పక్కల ఉత్తుత్తి వస్తువులు పుడతాయి.

సమస్య: వస్తువు ఉన్నచోటు కంటే దూరంగా పడుతోంది
కారణం: ఇటుకలో తరంగం నెమ్మదిస్తుంది. ఎంత నెమ్మదిస్తుందో చెప్పే అంకె పర్మిటివిటీ. అది 4 ఉన్న పొడి గోడ వస్తువును 23 సెం.మీ. వెనక్కి నెట్టేస్తుంది, 9 ఉన్న తడి గోడ 46 సెం.మీ. నెడుతుంది. నీటి పర్మిటివిటీ దాదాపు 80, అందుకే కొంచెం చెమ్మకే లెక్క తప్పుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు ముంచిన విజయవాడ సింగ్ నగర్ లాంటి చోట, నీళ్లలో నానిన గోడకు పుస్తకంలో ఉన్న అంకె వాడకండి.
పరిష్కారం: గోడ అవతలి ముఖానికి ఇనుప రేకు ఆనించండి. రెండు ముఖాల మధ్య తెరమీద కనిపించే దూరాన్ని అసలు మందంతో భాగించి, వచ్చినదాన్ని వర్గం చేస్తే ఆ గోడ పర్మిటివిటీ వస్తుంది. చెమ్మ కింది నుంచి ఎక్కుతుంది కాబట్టి స్కాన్ చేసే ఎత్తులోనే కొలవండి. సిగ్నల్ మరీ బలహీనమైతే 1–2 గిగాహెర్ట్జ్‌తో సరిపెట్టుకోవాలి. అప్పుడు దూరంలో విడదీసే శక్తి పడిపోతుంది: ఒకదాని వెనక ఒకటున్న రెండు వస్తువులు విడిగా కనబడాలంటే వాటి మధ్య 7.5 బదులు 15 సెం.మీ. ఎడం కావాలి.

సమస్య: లేని వస్తువు కనబడుతోంది
తిరిగే ఫ్యాను, మీ వెనక నడిచే మనిషి ముందుగా చూసుకోవాల్సినవి. ఫ్యాను ఆపండి, మనుషుల్ని పంపించేయండి. అయినా పోకపోతే ఫ్రీక్వెన్సీ మెట్టు (ఒక ఫ్రీక్వెన్సీకీ తర్వాతిదానికీ తేడా) మార్చి చూడండి. 10 మెగాహెర్ట్జ్ మెట్టుతో 15 మీటర్ల వరకే నమ్మకం, 16 మీటర్ల దూరంలోది మడతపడి 1 మీటరు దగ్గర పడుతుంది. మెట్టు 5 మెగాహెర్ట్జ్ చేస్తే అలాంటిది తన అసలు చోటికి జరుగుతుంది, నిజంగా దగ్గరున్నది కదలదు.

సమస్య: గోడలో కొంత మేర అసలేమీ రాదు
అక్కడ కాంక్రీటు పిల్లరు ఉండొచ్చు. లోపలి చువ్వలు దగ్గరదగ్గరగా ఉంటే తరంగం దాటలేదు. చువ్వలు నిలువుగా ఉంటే యాంటెన్నాను 90 డిగ్రీలు తిప్పి, తరంగంలోని విద్యుత్ క్షేత్రం (అది ఊగే దిశ) అడ్డంగా ఉండేలా పెట్టండి, కొంత దాటుతుంది. నిలువుగా, అడ్డంగా అల్లిన జాలీ అయితే ఈ కిటుకు పనిచేయదు. పిల్లరు పక్కనున్న ఇటుక భాగం నుంచి ఏటవాలుగా స్కాన్ చేయండి.