కుక్కతో షికారుకా? ముందు రోడ్డు మీద చెయ్యి పెట్టి చూడండి

ఉగాది దగ్గర పడేసరికే మా కర్నూలులో ఎండ ముదిరిపోతుంది. కుక్కను బయటికి తీసుకెళ్లే ముందు మీ చేతి వెనక వైపును తారు రోడ్డుకు ఆనించి, ఏడు దాకా లెక్కపెట్టండి. మధ్యలోనే చెయ్యి తీసేయాలనిపిస్తే ఆ రోడ్డు మీద దాని కాళ్లు కూడా కాలుతాయి.

పోయిన మార్చిలో పొద్దున పదింటికి మా చిట్టిని కొండారెడ్డి బురుజు వైపు నడిపించాను. కాసేపటికి ఒక కాలు ఎత్తి, అది దించి ఇంకోటి ఎత్తి, కదలకుండా నా వైపే చూసింది. ఇంటికొచ్చి చూస్తే పాదం కింద ఎర్రగా కంది, అంచున పొర లేచి ఉంది. ఆ చూపు ఇప్పటికీ మర్చిపోలేను.

ఇప్పుడు ఆరున్నరలోపే తుంగభద్ర ఒడ్డుకు వెళ్తున్నాం. మట్టి నేల మీదే నడక. సీసాలో నీళ్లు, చిన్న స్టీలు గిన్నె తప్పకుండా ఉంటాయి. గుంటల్లో నిలిచిన నీళ్లు తాగనివ్వను. కుక్కలకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పుతూనే చల్లబడతాయి. రొప్పు ఆగకుండా, చొంగ కారుస్తూ తూలితే వెంటనే నీడకు చేర్చి, పొట్టమీద, కాళ్లమీద మామూలు నీళ్లు పోస్తూ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

ఇంటికి రాగానే చెవుల వెనక, వేళ్ల సందుల్లో పిడుదులున్నాయేమో వెతకండి.

రోళ్లపాడు అభయారణ్యానికి మాత్రం కుక్కను తీసుకెళ్లొద్దు. నేల మీదే గుడ్లు పెట్టే బట్టమేక పక్షి కోసం ఏర్పాటు చేసిన చోటు అది.