చీకటి పడ్డాక గట్టు దారి: ఆడపిల్లల భద్రతకు ఏం చేయాలి, ఎలా చేయాలి?

సాయంత్రం ఏడు గంటల బస్సు దిగిన అమ్మాయికి ఊరి దీపాలు కనిపిస్తాయి. కానీ అవి కాలువకు అవతల. మధ్యలో కిలోమీటరు గట్టు దారి, ఒక పక్క నీళ్లు, మరో పక్క కొబ్బరితోట. కోనసీమలోనూ, భీమవరం చెరువుల వైపూ ఇలాంటి దారులు ఎన్నో. ఆ దారిలో ఏం జరిగినా తప్పు చేసినవాడిదే, నడిచిన పిల్లది కాదు. ఇది మనసులో పెట్టుకునే కింది పనులు చేయండి.

ముందు ఇంట్లో మాట ఇవ్వండి

ఒకడు రోజూ వెంటపడుతున్నాడని చాలామంది ఆడపిల్లలు ఇంట్లో చెప్పరు. చెబితే కాలేజీ మానిపిస్తారని, సంబంధాలు చూస్తారని వాళ్ల భయం. అందుకే ఏ సమస్యా రాకముందే కూర్చోబెట్టి చెప్పండి: "నువ్వు ఏం చెప్పినా నీ చదువు ఆగదు." చెప్పి, ఆ మాట మీద నిలబడండి. మిగతా జాగ్రత్తలన్నీ దీని తర్వాతే.

దేశంలో నమోదయ్యే అత్యాచార కేసుల్లో పదింట తొమ్మిదికి పైగా నిందితుడు బాధితురాలికి తెలిసినవాడేనని జాతీయ నేర గణాంకాలు చెబుతున్నాయి. కాబట్టి కొత్తవాళ్ల గురించి మాత్రమే హెచ్చరిస్తే చాలదు. బంధువైనా, మాస్టారైనా, రోజూ ఎక్కే ఆటో అతనైనా "ఎవరికీ చెప్పకు" అన్నాడంటే, అది వెంటనే అమ్మకు చెప్పాల్సిన సంగతి అని చిన్నపిల్లలకు నేర్పండి. పిల్లల సహాయానికి నంబరు 1098.

దారిని పగలు నడిచి చూడండి

ఒక ఆదివారం అమ్మాయితో కలిసి ఆ దారంతా నడవండి. లాకు ఎక్కడుంది, తూములు ఎన్ని, ఏ ఇంట్లో రాత్రి దీపం ఉంటుంది, ఎవరి తలుపు తట్టవచ్చు అన్నవి ఆమె నోటితోనే చెప్పించండి. ఆపదలో 112కు ఫోను చేసి "గట్టు మీద ఉన్నాను" అంటే ఏ గట్టో వాళ్లకు తెలియదు. "లాకు దాటాక రెండో తూము దగ్గర" అంటే తెలుస్తుంది. కరెంటు స్తంభం మీద నంబరుంటే అదీ చెప్పవచ్చు. దీపాలు లేనిచోట పది ఇళ్లవాళ్లు సంతకాలు చేసి పంచాయతీకి అర్జీ ఇవ్వండి. రొయ్యల ప్లాంటులో రాత్రి షిఫ్టుకు వెళ్లే మహిళలను ఇంటి మలుపు దాకా దింపమని యాజమాన్యాన్ని కలిసికట్టుగా అడగండి.

చాలా స్మార్ట్ ఫోన్లలో పవర్ బటన్ వరుసగా నొక్కితే అత్యవసర కాల్ వెళుతుంది. మీ ఫోనులో ఎన్నిసార్లు నొక్కాలో ముందే చూసుకోండి.

ఎదురుపడితే

తోటలోకి కాదు, వెలుతురు వైపు, మనుషులున్న వైపు పరుగెత్తాలి. గట్టిగా అరవాలి. వీలైతే కొట్టి తప్పించుకోవాలి, ఆత్మరక్షణ హక్కును చట్టం ఇచ్చింది. భయంతో కాళ్లూ చేతులూ బిగుసుకుపోవడమూ సహజమే. ఎదిరించలేదన్న ఒక్క కారణంతో ఒప్పుకున్నట్టు కాదని ఐపీసీ స్థానంలో వచ్చిన నేర చట్టం, భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది.

జరగరానిది జరిగితే

మొదట ఆసుపత్రికి వెళ్లండి. ప్రభుత్వానిదైనా, ప్రైవేటుదైనా వెంటనే ఉచితంగా చికిత్స చేయాల్సిందే. హెచ్ఐవీ సోకకుండా వాడే మందులు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది. గర్భం రాకుండా మాత్రలూ అడగండి. వీలైతే ఆసుపత్రికి వెళ్లేదాకా స్నానం చేయకుండా, ఆ బట్టలు ఉతకకుండా, కాగితపు సంచిలో ఉంచండి. స్నానం చేసేసినా సరే, వెళ్లండి.

ఫిర్యాదు ఏ స్టేషనులోనైనా ఇవ్వవచ్చు. రాజోలులో జరిగినదానికి కాకినాడలో ఇచ్చినా జీరో ఎఫ్ఐఆర్ (నేరం ఏ స్టేషను పరిధిలో జరిగినా రాసుకునే కేసు) నమోదు చేయాలి. వాంగ్మూలం మహిళా అధికారి తీసుకోవాలి. సలహాకు 181, ఉచిత న్యాయసహాయానికి 15100.

పెద్దమనుషులు రాజీకి పిలుస్తారు, అతనికే ఇచ్చి పెళ్లి చేద్దామనీ అంటారు. వెళ్లకండి. అత్యాచారం రాజీ కుదుర్చుకునే నేరం కాదు. ఆమె పేరు గానీ ఫొటో గానీ వాట్సాప్ గ్రూపులో ఎవరైనా పెడితే వెంటనే స్క్రీన్‌షాట్ తీసి పోలీసులకు ఇవ్వండి. దానికి రెండేళ్ల వరకు జైలుశిక్ష పడుతుంది.