కార్బన్ పన్ను, సబ్సిడీ, అప్పు: వర్ధమాన దేశానికి ఆర్థిక నమూనా కట్టే పద్ధతి

ఇంధన సబ్సిడీ తగ్గిస్తే ఏమవుతుందో, ఇంధనం కాలితే వెలువడే కార్బన్ డయాక్సైడ్ మీద కార్బన్ పన్ను వేస్తే ఏమవుతుందో లెక్క కట్టమని ఆర్థిక శాఖ అడిగినప్పుడు, విశ్లేషకుడు మొదట మూడు విషయాలను కాగితం మీద రాసుకోవాలి. వచ్చిన డబ్బు ఎక్కడికి పోతుంది, నమూనాలో వేటిని స్థిరంగా ఉంచుతున్నాం, ఎవరి పరిస్థితిలో వచ్చే మార్పును కొలుస్తున్నాం అన్నవే ఆ మూడు. వీటికి జవాబు లేకుండా సమీకరణాలు మొదలుపెడితే, చివరికి తేలే అంకె ఆ విధానం గురించి చెప్పేదానికన్నా మనకు తెలియకుండా మనం చేసుకున్న ఊహల గురించే ఎక్కువ చెబుతుంది.

నమూనాను ప్రశ్నను బట్టి ఎంచుకోవాలి. ధరలు ఎంత పెరుగుతాయన్నదే ప్రశ్న అయితే ఏ పరిశ్రమ దేని నుంచి ఎంత కొంటుందో చూపే ఇన్‌పుట్-అవుట్‌పుట్ పట్టిక సరిపోతుంది. పరిశ్రమల మధ్య పెట్టుబడి, కార్మికులు ఎటు కదులుతారో తెలియాలంటే అన్ని మార్కెట్లనూ కలిపి చూసే సాధారణ సమతౌల్య నమూనా కావాలి; 1960లో ఆర్థికవేత్త లీఫ్ యోహాన్సెన్ నార్వేకు కట్టిన బహుళ రంగాల నమూనాను ఈ కోవకు ఆద్యంగా చెబుతారు. ద్రవ్యోల్బణం, వడ్డీ, అప్పు ఏటేటా ఎలా నడుస్తాయో చూడాలంటే స్థూల ఆర్థిక నమూనా అవసరం. తొలి అంచనాకు ప్రపంచ బ్యాంకు, ఐఎంఎఫ్ సిబ్బంది రూపొందించిన క్లైమేట్ పాలసీ అసెస్‌మెంట్ టూల్ వంటి స్ప్రెడ్‌షీట్ నమూనాతో మొదలుపెట్టడమే మంచిదని నా అభిప్రాయం. వాతావరణ మార్పు, ఆర్థిక వ్యవస్థలను కలిపి చూపేలా ఆర్థికవేత్త విలియం నార్డ్‌హౌస్ కట్టిన డైస్ నమూనాకు ఎంత పేరున్నా, అది ప్రపంచమంతటినీ ఒకే ఆర్థిక వ్యవస్థగా చూస్తుంది కనుక ఒక దేశపు బడ్జెట్ ప్రశ్నకు అది జవాబు ఇవ్వలేదు.

సాధారణ సమతౌల్య నమూనాకు పునాది సోషల్ అకౌంటింగ్ మ్యాట్రిక్స్ అనే చతురస్రాకార పట్టిక; ఆర్థిక వ్యవస్థలో డబ్బు ఎవరి నుంచి ఎవరికి పోతుందో అది చూపుతుంది. ప్రతి ఖాతాకూ అడ్డు వరుసలో ఆదాయం, నిలువు వరుసలో వ్యయం ఉంటాయి, రెండింటి మొత్తాలూ సమానం కావాలి. మొదటిసారి పేర్చినప్పుడు అవి ఎప్పుడూ సమానం కావు, ఎందుకంటే కుటుంబాల సర్వే చూపే వినియోగం జాతీయ గణాంకాలు చూపే వినియోగానికి తరచూ సరిపోలదు. ఆ తేడాను కంప్యూటర్‌కు అప్పగించి అన్ని గడులకూ దామాషాలో పంచేయడం సులువే, కానీ అలా చేస్తే గట్టి అంకెలు కూడా చెడిపోతాయి. కస్టమ్స్ వసూళ్లు, బడ్జెట్ ఖర్చు, కేంద్ర బ్యాంకు ప్రకటించే చెల్లింపుల శేషం (విదేశాలతో జరిగిన లావాదేవీల లెక్క) వంటి నమ్మదగిన గడులను ముందు కదలకుండా కట్టేసి, సర్దుబాటునంతా బలహీనమైన గడుల మీదే పడనివ్వాలి.

ఈ పట్టికలో ఇంధన వరుసను మాత్రం ప్రత్యేకంగా చూడాలి. పట్టిక డబ్బు లెక్కలో ఉంటుంది, ఉద్గారాలు మాత్రం లీటర్లను, టన్నులను బట్టి వస్తాయి. ఒకే రకం బొగ్గు, విద్యుత్ కేంద్రానికి ఒక ధరకు, సిమెంటు కర్మాగారానికి మరో ధరకు అందుతున్నప్పుడు, డబ్బు విలువను బట్టి ఉద్గారాలను పంచితే చౌకగా కొనేవారి ఉద్గారాలు తక్కువగానూ, ఖరీదుగా కొనేవారివి ఎక్కువగానూ కనిపిస్తాయి. అందువల్ల దేశపు ఇంధన సమతుల్య పట్టికను తెచ్చి, ప్రతి రంగం ఎంత ఇంధనం వాడిందో భౌతిక పరిమాణంలో పక్కనే పెట్టుకోవాలి. డబ్బు చేతులు మారని వంటచెరకు పట్టికలో కనిపించదు కనుక దానికి వేరే వరుస చేర్చాలి. లేకపోతే కిరోసిన్ ధర పెరిగినప్పుడు కుటుంబాలు కట్టెలకు మళ్లడాన్ని నమూనా ఉద్గారాల తగ్గింపుగా లెక్కిస్తుంది.

ఇక పన్ను రేటు. ఒక లీటరు డీజిల్ కాలితే సుమారు 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది కాబట్టి, టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు 10 డాలర్ల పన్ను లీటరు డీజిల్‌కు 2.7 సెంట్లే అవుతుంది. ముడిచమురు ధరలో మామూలుగా వచ్చే ఒడుదొడుకుల ముందు ఇది చిన్నదే. అదే పన్ను బొగ్గు మీద బరువుగా పడుతుంది: నాణ్యతను బట్టి టన్ను బొగ్గు నుంచి రెండు టన్నుల అటూ ఇటూగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కనుక, టన్ను బొగ్గు మీద దాదాపు 20 డాలర్లు పడతాయి. నమూనాలో పెట్టవలసింది చట్టంలో రాసిన రేటు కాదు, నిజంగా చెల్లించే రేటు. దక్షిణాఫ్రికా 2019 జూన్ 1 నుంచి టన్నుకు 120 ర్యాండ్ల పన్ను తెచ్చింది గానీ, 60 నుంచి 95 శాతం ఉద్గారాలకు మినహాయింపులు ఇవ్వడంతో చెల్లింపు 6 నుంచి 48 ర్యాండ్ల మధ్యకు దిగింది. 120 అని టైపు చేసిన నమూనా మరో దేశాన్ని లెక్కగట్టినట్టే.

ధరల ప్రభావాన్ని చేత్తో ఒకసారి లెక్కవేసి చూడటం మంచి అలవాటు. అంకెలు ఊహించినవే అనుకుందాం. ఇంధనం ధర 10 శాతం పెరిగింది. రవాణా ఖర్చులో ఇంధనం వాటా 30 శాతం కనుక రవాణా ధర 3 శాతం పెరుగుతుంది. ఆహారం ఖర్చులో ఇంధనం 5 శాతం, రవాణా 12 శాతం అయితే ఆహారం ధర 0.5కు 0.36 కలిపి 0.86 శాతం పెరుగుతుంది. నెలకు 100 ఖర్చు పెట్టే పేద కుటుంబం అందులో 55 ఆహారానికి, 2 ఇంధనానికి, 4 రవాణాకు వెచ్చిస్తే, దాని మీద పడే భారం 0.79. నెలకు 500 ఖర్చు పెట్టే కుటుంబం 25 శాతం ఆహారానికి, 8 శాతం ఇంధనానికి, 6 శాతం రవాణాకు వెచ్చిస్తే దాని భారం 5.98, అంటే ఖర్చులో దాదాపు 1.2 శాతం. పేదవాడి నష్టం శాతంలోనూ తక్కువే, కానీ దానిలో సగానికి పైగా ఆహారం ద్వారానే వచ్చింది. నేరుగా కొనే ఇంధనాన్ని మాత్రమే చూసే లెక్కకు అది అందదు. వినియోగం మారలేదనుకుంటే మొత్తం వసూలు 6.77. అందులో నాలుగో వంతును రెండు కుటుంబాలకూ సమానంగా పంచినా ఒక్కొక్కరికి 0.85 అందుతుంది, పేద కుటుంబం నష్టపోదు.

అయితే ఈ ఫలితం సగటు కుటుంబానికే వర్తిస్తుంది. లబ్ధిదారుల జాబితాలో పేరు లేని కుటుంబం 0.79 పూర్తిగా కోల్పోతుంది. కాబట్టి వినియోగ సర్వేలోని ప్రతి కుటుంబానికీ విడిగా లెక్క వేసి, ప్రతి ఆదాయ వర్గంలో ఎంతమంది నష్టపోతున్నారో చెప్పాలి. సగటు ఒక్కటీ రాసి వదిలేసిన నివేదికను నేనైతే వెనక్కి పంపుతాను.

తరువాతి మెట్టు క్లోజర్ నియమం, అంటే పట్టికలోని లెక్కలు సరిపోవడానికి చివరికి ఏది కదలాలో నిర్ణయించడం. కార్బన్ పన్ను ఆదాయంతో ద్రవ్యలోటు తగ్గిందనుకుందాం. పొదుపు ఎంత ఉంటే పెట్టుబడి అంత అన్న నియమం పెడితే, ప్రభుత్వ పొదుపు పెరిగిన మేరకు పెట్టుబడి దానంతటదే పెరిగి, కొన్నేళ్లకు జీడీపీ లాభం చూపవచ్చు. పెట్టుబడిని స్థిరపరచి కుటుంబాల పొదుపును కదలనిస్తే ఆ లాభం కనిపించదు. పన్ను అదే, దేశం అదే, ఫలితం గుర్తు (లాభమా, నష్టమా అన్నది) మాత్రం మారిపోవచ్చు. విదేశీ ఖాతాలోనూ ఇలాంటి ఎంపికే ఉంది: కోరినంత అప్పు పుట్టని దేశానికి విదేశీ పొదుపును, అంటే బయటి నుంచి వచ్చే నిధులను, స్థిరంగా ఉంచి మారకపు రేటును కదలనివ్వడమే వాస్తవానికి దగ్గర. రెండు మూడు నియమాలతో నడిపి, ఫలితాలను పక్కపక్కన చూపడం తప్పనిసరి.

అసంఘటిత రంగాన్ని విడిగా పెట్టకపోతే పన్నుల పోలికే తప్పుతుంది. లెక్కాపత్రం లేని వ్యాపారి ఆదాయపు పన్నును తప్పించుకోగలడు గానీ, రిఫైనరీ దగ్గరో ఓడరేవు దగ్గరో వసూలయ్యే ఇంధన పన్నును తప్పించుకోలేడు. అందరూ పన్ను కడతారని భావించే నమూనా ఈ తేడాను చూడదు కనుక, ఆదాయపు పన్ను తగ్గించి కార్బన్ పన్ను వేసే మార్పు ఖర్చును అసలుకన్నా ఎక్కువగా చూపే అవకాశం ఉంది.

ప్రకృతి వైపరీత్యాలను అప్పు లెక్కలో కలపాలి. అప్పు జీడీపీలో 60 శాతం, వడ్డీ 5 శాతం, వృద్ధి 5 శాతం, ప్రాథమిక లోటు (వడ్డీ కలపని లోటు) సున్నా అయితే అప్పు 60 దగ్గరే నిలుస్తుంది. తుపాను వచ్చిన ఏడాది వృద్ధి మైనస్ 4కు పడి, పునర్నిర్మాణానికి జీడీపీలో 4 శాతం ఖర్చయితే, 60ని 1.05తో హెచ్చించి 0.96తో భాగించగా వచ్చిన 65.6కు 4 కలిపి అప్పు 69.6కు చేరుతుంది. సగం అప్పు విదేశీ కరెన్సీలో ఉండి, ఆ కరెన్సీ ధర 20 శాతం పెరిగితే మరో ఆరు పాయింట్లకు పైగా చేరతాయి. 2017లో మరియా తుపాను డొమినికాకు చేసిన నష్టం ఆ దేశపు జీడీపీకి రెండింతలు దాటింది. ఇలాంటి నష్టాన్ని ఏటా సగటున ఇంత అని పరచి చూపితే ప్రమాదం కనుమరుగవుతుంది. వైపరీత్యం వచ్చే ఏడాదిని యాదృచ్ఛికంగా మారుస్తూ వేలసార్లు నడిపి, అప్పు పరిమితి దాటిన సందర్భాలు ఎన్నో లెక్కపెట్టాలి.

ఏడాదికి ఒక అడుగు చొప్పున నడిచే నమూనాకు అమలు క్రమం కనిపించదు. నైజీరియా 2012 జనవరి 1న సబ్సిడీ తీసేయడంతో లీటరు పెట్రోలు 65 నైరాల నుంచి 140 దాకా ఎగబాకింది. సమ్మెలు, నిరసనలు చెలరేగి, అదే నెలలో ధరను 97కు దించవలసి వచ్చింది. ఇరాన్ 2010 డిసెంబరులో ధరలు పెంచే ముందే కుటుంబాల బ్యాంకు ఖాతాల్లో నగదు వేసింది. వార్షిక లెక్కలో ఈ రెండు పద్ధతులకూ తేడా ఉండదు. కాబట్టి నమూనా పక్కన నెలలవారీ నగదు పట్టిక ఒకటి పెట్టి, ధర ఏ నెలలో పెరుగుతుందో, నగదు ఏ నెలలో చేరుతుందో చూపాలి.

ఫలితాలు ఇచ్చే ముందు, ఏ మార్పూ చేయకుండా నమూనాను నడిపినప్పుడు అది ఆధార సంవత్సరాన్ని (పట్టిక అంకెలు తీసుకున్న ఏడాదిని) యథాతథంగా చూపుతోందో లేదో పరీక్షించాలి. సంపన్న దేశాల అధ్యయనాల నుంచి అరువు తెచ్చిన వ్యాకోచత్వాలు (ధర మారితే వాడకం ఎంత మారుతుందో చెప్పే అంకెలు) ఉంటే వాటిని సగానికి తగ్గించి, రెట్టింపు చేసి మళ్లీ నడపాలి. ఏ అంకె కదిలితే తీర్మానమే మారిపోతోందో దాన్ని నివేదిక మొదటి పేజీలోనే రాయాలి. పన్ను అమల్లోకి వచ్చిన ఏడాది తరువాత అసలు వసూళ్లను అంచనా పక్కన పెట్టి, తేడా వినియోగం తగ్గడం వల్ల వచ్చిందా, మినహాయింపుల వల్లా, ఎగవేత వల్లా అన్నది విడదీసి, తదుపరి బడ్జెట్ లెక్కకు ముందే ఆ గడులను సరిచేయాలి.