గుండె ఆపరేషన్ అయిన పిల్ల ఏడుపు మారితే

మా పాపకి నాలుగో నెలలో విశాఖలో పీడీఏ ఆపరేషన్ అయింది. అంటే పుట్టాక దానంతటదే మూసుకుపోవాల్సిన గుండె దగ్గరి రక్తనాళం తెరిచే ఉండిపోతే, దాన్ని మూయడం. ఒడిశాలో ఉన్న మా ఊరు పర్లాకిమిడి తెచ్చిన మర్నాడు గమనించాను, ఏడిస్తే పక్క గదిలోకి కూడా వినబడట్లేదు. పిల్లికూన గొంతు. మాట సరిగ్గా రాదేమోనని మా అత్తగారు వస కొమ్ము అరగదీసి నాలిక మీద రాశారు. పిల్ల పొలమారి ఎర్రగా కందిపోయింది. ఆ పని మాత్రం చేయకండి.

ఎడమ స్వరతంత్రిని కదిలించే నరం, వాళ్లు మూసే ఆ రక్తనాళం పక్కనుంచే మెలి తిరిగి గొంతుకెక్కుతుంది. అది దెబ్బతింటే గొంతు బొంగురుపోతుంది, పాలు దారి తప్పుతాయి. వెంటిలేటర్ గొట్టం వల్ల వచ్చే ఇబ్బంది వేరు. లోపల వాచి, మచ్చకట్టి, శ్వాసనాళం కొన్ని వారాల తర్వాత ఇరుకవ్వచ్చు. కాబట్టి ఊపిరి చప్పుడు రోజురోజుకీ పెరుగుతుంటే జలుబని ఊరుకోవద్దు.

పాప నిద్రలో ఉన్నప్పుడు చొక్కా విప్పి చూడండి. గాలి పీల్చినప్పుడు కూత వస్తోందా? డొక్కలు లోపలికి పోతున్నాయా? గడియారం చూస్తూ నిమిషం నిండా ఊపిర్లు లెక్కపెట్టండి. రెండు నెలల నుంచి ఏడాది లోపు పిల్లలకి 50, ఆపైన ఐదేళ్ల లోపు 40 తాకితే డాక్టర్‌కి చూపించాలి.

నాకు అన్నిటికన్నా పనికొచ్చింది ఫోన్. ఇంట్లో అంత చప్పుడూ పాతపట్నం దాటేసరికి ఆగిపోయేది. డాక్టర్ ముందు పిల్ల నవ్వుతూ కూర్చునేది, నేనే అబద్ధాలకోరునయ్యేదాన్ని! అందుకే ఫ్యాన్, టీవీ కట్టేసి, ఛాతీ కనబడేలా ఒక వీడియో, పాలు తాగేటప్పుడు ఇంకొకటి తీశాను. అవి చూశాకే ముక్కులోంచి సన్నని కెమెరా పెట్టి చూశారు. ఎడమ తంత్రి కదలట్లేదు.

పాలు ఒళ్లో ఏటవాలుగా కూర్చోబెట్టి, మధ్యమధ్యలో ఆపి పట్టమన్నారు. చిక్కగా చేయాలంటే వాళ్లు చెప్పిందే కలపండి, మన రాగి జావ కాదు.

డిశ్చార్జి కాగితంలో వెంటిలేటర్ గొట్టం ఎన్ని రోజులుందో చూసి గీత గీసుకోండి. మా దగ్గరి ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ వాళ్లకి తెలుగు రాకపోవచ్చు. ‘గుండె ఆపరేషన్ అయింది, గొట్టం ఇన్ని రోజులుంది’ అన్న ముక్క ఒడియాలో నేర్చుకున్నాను.

పెదాలు నీలంగా మారినా, ఊపిరికోసం తల ఎగరేస్తున్నా, పాలు పట్టలేకపోతున్నా విశాఖ బయల్దేరకండి. 108కి ఫోన్ చేసి, ఆక్సిజన్ ఉన్న దగ్గరి ఆసుపత్రికి ముందు చేరండి.